హార్మోన్ల తేడా అన్నారు సరే, ఏ హార్మోన్?

నెలసరి తప్పినా, జుట్టు ఊడినా, ఒళ్లు వచ్చినా, రాత్రి నిద్ర పట్టకపోయినా వినిపించే మాట ఒకటే: హార్మోన్ల తేడా. మాటలో తప్పు లేదు గానీ అక్కడే ఆగిపోతే ఎవరికీ ప్రయోజనం లేదు. ఏ గ్రంథి, ఏ హార్మోన్, ఎక్కువైందా తగ్గిందా, ఎందువల్ల? ఈ నాలుగూ తేలేదాకా అది రోగ నిర్ధారణ కాదు. ఇవి తేలకుండానే నెలల తరబడి మాత్రలు మింగడం, ఇంకా ఘోరంగా గర్భసంచి తీయించేసుకోవడం మన దగ్గర మామూలైపోయింది.

ముందుగా ఒక విషయం. సమతుల్యం అనగానే ఒకే మట్టంలో నిలకడగా ఉండటం అనుకుంటాం. ఆడవాళ్ల హార్మోన్లు అలా ఉండవు, ఉండకూడదు కూడా. నెలసరి మొదటి రోజుల్లో రక్తంలో ఈస్ట్రడయాల్ (ముఖ్యమైన ఈస్ట్రోజెన్) మిల్లీలీటరుకు 50 పికోగ్రాముల లోపే ఉండొచ్చు. అండం విడుదలయ్యే ముందు అదే 200 దాటుతుంది. ప్రొజెస్టెరాన్ మొదటి సగంలో 1 నానోగ్రాము కూడా ఉండదు, రెండో సగంలో 10 దాటినా ఆశ్చర్యం లేదు. అంటే తేదీ తెలియకుండా రిపోర్టులో అంకె చూసి ఎక్కువ, తక్కువ అనడానికి వీల్లేదు. ఆరోగ్యమంటే ఇక్కడ సరైన సమయానికి పెరిగి, సరైన సమయానికి తగ్గడం.

పైనుంచి కిందికి, కిందినుంచి పైకి

మెదడు అడుగున హైపోథాలమస్ అనే చిన్న భాగం గంట, గంటన్నరకోసారి జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోన్‌ను కొద్దికొద్దిగా వదులుతుంది. ఆ తాళానికి, అంటే ఆ లయకు, దాని కిందే ఉన్న పిట్యూటరీ గ్రంథి ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్‌లను రక్తంలోకి పంపుతుంది. ఎఫ్‌ఎస్‌హెచ్ అండాశయంలో ఒక అండాన్ని ఎదగనిస్తుంది. ఎదిగే అండం చుట్టూ ఉన్న కణాలు ఈస్ట్రోజెన్ తయారుచేస్తాయి. ఆ ఈస్ట్రోజెన్ పైకి చేరి ఎఫ్‌ఎస్‌హెచ్‌ను తగ్గిస్తుంది. ట్యాంకు నిండగానే మోటారు దానంతటదే ఆగే ఏర్పాటు అన్నమాట. అయితే ఈస్ట్రోజెన్ 200 పికోగ్రాములు దాటి సుమారు రెండు రోజులు నిలబడితే ఇదే సంకేతం తిరగబడుతుంది. ఆపడం మాని తోయడం మొదలవుతుంది. ఎల్‌హెచ్ ఒక్కసారిగా ఎగసి, ఒకటిన్నర రోజులో అండం బయటపడుతుంది.

అండం వెళ్లిన చోట మిగిలిన కణాలు పసుపు రంగు ముద్దగా మారి ప్రొజెస్టెరాన్ తయారుచేస్తాయి. ఆ ముద్ద ఆయుష్షు సుమారు 14 రోజులు. గర్భం నిలవకపోతే అది వాడిపోతుంది, ప్రొజెస్టెరాన్ పడిపోతుంది, గర్భసంచి లోపలి పొర ఊడి నెలసరి వస్తుంది. ఈ రెండో సగం నిడివి చాలామందిలో పెద్దగా మారదు. నెలసరి 28 రోజులకు కాకుండా 40 రోజులకు వచ్చిందంటే సాధారణంగా అండం ఎదగడమే ఆలస్యమైందని అర్థం.

మిగతాదంతా దీని మీదే ఆధారపడి ఉంది: అండం విడుదల కాకపోతే ప్రొజెస్టెరాన్ తయారు కాదు. అప్పుడు ఈస్ట్రోజెన్ ఒక్కటే గర్భసంచి పొరను మందంగా పేరుస్తూ పోతుంది, ఆపే చెయ్యి ఉండదు. రెండు మూడు నెలలు ఏమీ రాక, ఆ తర్వాత పదిహేను రోజులు ఆగకుండా గడ్డలు గడ్డలుగా పోవడానికి కారణం ఇదే. అలా పోయిన రక్తంతో ఇనుము తగ్గుతుంది. ఇనుము నిల్వలు తగ్గితే ఆయాసం, నీరసం, జుట్టు రాలడం. చివరికి ఆమె చర్మ వైద్యుల దగ్గర జుట్టుకు మందు వాడుతుంటుంది. అసలు కథ అండాశయంలో మొదలైందేమో అని ఎవరూ అడగరు. జుట్టు రాలుతోందని వచ్చినవాళ్లకి హిమోగ్లోబిన్‌తో పాటు ఇనుము నిల్వలు చెప్పే ఫెరిటిన్ కూడా చూడాలి. హిమోగ్లోబిన్ 12 ఉండి, ఫెరిటిన్ 30 లోపు ఉండటం చాలా మామూలు.

మాత్రతో వచ్చేది నెలసరి కాదు

మాత్రలు వాడినన్నాళ్లు నెలనెలా వచ్చింది, మానేయగానే మళ్లీ ఆగింది. ఈ ఫిర్యాదు వినని గైనకాలజిస్టు ఉండరు. గర్భనిరోధక మాత్రల ప్యాకెట్‌లో 21 రోజులు హార్మోన్ ఉంటుంది, తర్వాత ఏడు రోజులు ఉండదు. ఆ ఏడు రోజుల్లో కనిపించే రక్తం మందు ఆపినందుకు వచ్చినదే. అండం విడుదలైందనడానికి గుర్తు కాదు. అసలు ఆ మాత్ర పనే అండం విడుదలను ఆపడం. కాబట్టి మాత్ర లోపలి సమస్యను నయం చేయలేదని కోప్పడటం సరికాదు, నయం చేసిందని సంబరపడటమూ సరికాదు. అది గర్భసంచి పొరను పల్చగా ఉంచి కాపాడుతుంది, మగ హార్మోన్ల ప్రభావాన్ని తగ్గిస్తుంది. ఆ రెండు పనులూ విలువైనవే.

పెళ్లి, వ్రతం, తిరుపతి ప్రయాణం అనగానే మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే వాయిదా మాత్రల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. అవి నోరెథిస్టెరాన్ అనే ప్రొజెస్టెరాన్ రకం మందు, సాధారణంగా 5 మిల్లీగ్రాములవి. రోజుకు మూడు చొప్పున, నెలసరి రావాల్సిన తేదీకి మూడు రోజుల ముందే మొదలుపెడతారు. ఆపిన రెండు మూడు రోజులకు నెలసరి వస్తుంది. విఫలమయ్యేది ఎక్కువగా ఆలస్యంగా మొదలుపెట్టినప్పుడే. చుక్కలు కనిపించాక మింగితే పొర అప్పటికే ఊడటం మొదలై ఉంటుంది. ఈ మందులో కొంత భాగం ఒంట్లో ఈస్ట్రోజెన్‌గా మారుతుంది. అందుకని కాళ్లలో గానీ ఊపిరితిత్తుల్లో గానీ రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లు, కళ్ల ముందు మెరుపులు కనిపించే మైగ్రేన్ ఉన్నవాళ్లు, రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు, కాలేయ జబ్బు ఉన్నవాళ్లు షాపులో కొనుక్కుని వేసుకోకూడదు. ఎప్పుడో ఒకసారి వాడితే ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి పెద్ద ముప్పు లేదు. ప్రతి పండక్కీ వాడితే మాత్రం అసలు నెలసరి తీరు ఏమిటో ఎవరికీ తెలియకుండా పోతుంది. ఇంకోటి, ఈ మోతాదు గర్భనిరోధకంగా పనికొస్తుందని నమ్మొద్దు.

పీసీఓడీ: అండాశయం కంటే ఇన్సులిన్ కథ ఎక్కువ

స్కానింగ్‌లో నీటి బుడగలు ఉన్నాయన్నారు, పీసీఓడీ (పాలీసిస్టిక్ ఓవరీ డిసీజ్) అన్నారు, ఆపరేషన్ చేస్తే పోతాయా అని అడుగుతారు. అవి తీసేయాల్సిన గడ్డలు కావు. ఎదగడం మొదలుపెట్టి, సగంలో ఆగిపోయిన అండాల సంచులు. ఒక్కొక్కటి 2 నుంచి 9 మిల్లీమీటర్లు ఉంటుంది. ఎందుకు ఆగిపోయాయన్నదే ప్రశ్న.

భోజనం చేశాక రక్తంలో పెరిగిన చక్కెరను కండరాల్లోకి పంపేది ఇన్సులిన్. కండరాలు దాని మాట సరిగా వినకపోతే క్లోమం మరింత ఇన్సులిన్ వదులుతుంది. కండరం మొండికేసినా అండాశయం మాత్రం ఇన్సులిన్‌కు బాగానే స్పందిస్తుంది, ఎల్‌హెచ్‌తో కలిసి మగ హార్మోన్ టెస్టోస్టెరాన్‌ను ఎక్కువగా తయారుచేస్తుంది. మరోవైపు అదే ఇన్సులిన్ కాలేయంలో ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రోటీన్‌ను తగ్గిస్తుంది. టెస్టోస్టెరాన్‌ను పట్టి ఉంచేది ఆ ప్రోటీనే. పట్టేది తగ్గితే విడిగా తిరిగేది ఎక్కువవుతుంది. మొత్తం టెస్టోస్టెరాన్ రిపోర్టులో మామూలుగా ఉండి కూడా గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు రావడానికి ఒక కారణం ఇదే. అండాశయం లోపల ఎక్కువైన మగ హార్మోన్, వేగం పెరిగిన జీఎన్‌ఆర్‌హెచ్ తాళం, దానివల్ల ఎఫ్‌ఎస్‌హెచ్‌ను మించిపోయే ఎల్‌హెచ్, ఇవన్నీ కలిసి అండాన్ని మధ్యలోనే ఆపేస్తాయి.

మెడ వెనక, చంకల్లో ముఖమల్ గుడ్డలా నల్లగా, మందంగా మారిన చర్మం కనిపిస్తే అది మురికి కాదు. ఎంత రుద్దినా పోదు. ఇన్సులిన్ ఎక్కువగా ఉందని చర్మం చెబుతున్న మాట అది. అమ్మాయిల్ని మెడ సరిగా కడుక్కోవట్లేదని తిట్టే తల్లులు ఇది తెలుసుకోవాలి.

నిర్ధారణకు 2003లో రాటర్‌డామ్‌లో కుదిరిన ప్రమాణాలే ఇప్పటికీ పునాది. నెలసరి క్రమం తప్పడం, మగ హార్మోన్లు ఎక్కువని లక్షణాల్లోనో రక్తంలోనో తేలడం, స్కానింగ్‌లో అండాశయాల తీరు. ఈ మూడింటిలో రెండు ఉండాలి. 2023 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు పెద్దవాళ్లలో స్కానింగ్‌కు బదులుగా ఏఎంహెచ్ (అండాల సంచుల నుంచి వచ్చే హార్మోన్) రక్తపరీక్షనూ ఒప్పుకున్నాయి. టీనేజీ పిల్లల విషయంలో మాత్రం అవి గట్టిగా హెచ్చరించాయి: రజస్వల అయిన ఎనిమిదేళ్ల లోపు స్కానింగ్ గానీ ఏఎంహెచ్ గానీ ఆధారంగా పీసీఓడీ అని ముద్ర వేయకూడదు, ఎందుకంటే ఆ వయసులో అండాశయాలు సహజంగానే అలా కనిపిస్తాయి. పదహారేళ్ల పిల్లకి స్కానింగ్ చేసి నీటి బుడగలున్నాయని చెప్పి, పిల్లలు పుట్టడం కష్టమని తల్లిని భయపెట్టి పంపడం అన్యాయం.

పీసీఓడీ అని తేల్చే ముందు థైరాయిడ్, ప్రొలాక్టిన్ (పాలు ఊరించే హార్మోన్), 17 హైడ్రాక్సీ ప్రొజెస్టెరాన్ (మూత్రపిండాల పైనున్న అడ్రినల్ గ్రంథి లోపాన్ని పట్టించేది) చూసి మిగతా కారణాలు లేవని రూఢి చేసుకోవాలి. కొద్ది నెలల్లోనే గొంతు మగగొంతులా మారడం, వెంట్రుకలు వేగంగా పెరగడం, నడినెత్తిన జుట్టు పోవడం కనిపిస్తే అది పీసీఓడీ తీరు కాదు. అండాశయంలో గానీ అడ్రినల్ గ్రంథిలో గానీ కణితి ఉందేమో వెంటనే చూడాలి.

చక్కెర పరీక్షకు పరగడుపు ఇన్సులిన్ కొలవడం ఫ్యాషనైపోయింది. దానివల్ల చికిత్స మారేది తక్కువ. 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటలకు చూసే పరీక్షే మేలైనది. పరగడుపున 90 ఉండి, రెండు గంటలకు 160 వచ్చే ఆడవాళ్లు ఎందరో. పరగడుపు పరీక్ష ఒక్కటే చేస్తే వాళ్లంతా తప్పిపోతారు.

ఇక చేయాల్సినవి. అధిక బరువు ఉన్నవాళ్లు తమ మొత్తం బరువులో 5 నుంచి 10 శాతం తగ్గితే చాలామందికి అండం విడుదల మళ్లీ మొదలవుతుంది. 70 కిలోల మనిషికి అది మూడున్నర నుంచి ఏడు కిలోలు. మన భోజనంలో చిక్కు అన్నం ఒక్కటే కాదు, పొద్దున్న ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం ఉప్మా, రాత్రి మళ్లీ అన్నం అంటూ పూటపూటకీ పిండిపదార్థమే కంచం నిండా ఉండటం. టిఫిన్‌లో పెసరట్టు, గుడ్డు, నానబెట్టిన శనగల్లాంటివి చేరాలి. మధ్యాహ్నం కూర, పప్పు ముందు తిని అన్నం తర్వాత, అదీ ఒక కప్పు. చిరుధాన్యాలు మంచివే. కానీ రాగిపిండిని పల్చగా జావ కాచి రెండు గ్లాసులు తాగితే చక్కెర వేగంగానే పెరుగుతుంది. రాగులు కదా అని లెక్క మానేయకూడదు. తిన్నాక పది పదిహేను నిమిషాల నడక, వారానికి 150 నిమిషాల వ్యాయామం. అందులో కనీసం రెండు రోజులు కండరానికి పని చెప్పేవి ఉండాలి: కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడకు చేతులు పెట్టి తోయడం, నీళ్ల సీసాలు ఎత్తడం. కండరం పెరిగితే అదే ఇన్సులిన్ అవసరాన్ని తగ్గిస్తుంది. సన్నగా ఉండి పీసీఓడీ ఉన్నవాళ్లకి బరువు తగ్గమనడం తప్పు. వాళ్లకూ కండరమే కావాలి.

ఇన్సులిన్ పనిని మెరుగుపరిచే మధుమేహ మందు మెట్‌ఫార్మిన్ రాస్తే చాలామంది వారంలోపే మానేస్తారు. వికారం, విరేచనాలే కారణం. 500 మిల్లీగ్రాములతో రాత్రి భోజనం మధ్యలో మొదలుపెట్టి, ఒకటి రెండు వారాలకోసారి పెంచుకుంటూ పోతే, నెమ్మదిగా కరిగే రకం వాడితే ఎక్కువమందికి పడుతుంది. ఏళ్ల తరబడి వాడేవాళ్లు బీ12 చూపించుకోవాలి. దీనివల్ల అండం విడుదల మొదలైతే గర్భం కూడా రావచ్చు. నాకు పీసీఓడీ కదా, ఎలాగూ రాదులే అనుకుని జాగ్రత్త పడనివాళ్లు నాలుగో నెలలో తెలుసుకున్న సందర్భాలున్నాయి. గర్భం కావాలనుకునేవాళ్లకి మొదటి మందు ఇప్పుడు లెట్రజోల్, డాక్టరు స్కానింగ్‌తో గమనిస్తూ ఇచ్చేది.

వీటన్నిటిలో ఏదీ చేయలేకపోయినా ఒక్కటి మాత్రం వదలకూడదు. మూడు నెలలు దాటి నెలసరి రాకపోతే, గర్భం లేదని తేల్చుకుని, పది నుంచి పద్నాలుగు రోజులు ప్రొజెస్టెరాన్ రకం మాత్రలిచ్చి పొరను ఊడేలా చేయాలి. ఏళ్ల తరబడి పొర పేరుకుపోతే గర్భసంచి క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. ఏడాదికి రెండుసార్లే వస్తోంది, హాయిగా ఉంది అనుకోవడం ప్రమాదం.

థైరాయిడ్ మాత్ర, మింగే తీరు

థైరాయిడ్ గ్రంథి అందరికీ ఉంటుంది. అది మందగించడం ఒక జబ్బు, మితిమీరడం ఇంకో జబ్బు. ఆడవాళ్లలో ఎక్కువగా చూసేది మందగించడమే. దానికి ముఖ్య కారణం ఒంట్లోని రక్షణ వ్యవస్థ సొంత గ్రంథిపైనే దాడి చేసే హషిమోటో వ్యాధి. గ్రంథి మందగిస్తే మెదడు టీఆర్‌హెచ్ అనే హార్మోన్‌ను పెంచుతుంది. అది థైరాయిడ్‌ను నడిపే పిట్యూటరీ హార్మోన్ టీఎస్‌హెచ్‌తో పాటు ప్రొలాక్టిన్‌ను కూడా పెంచగలదు. ప్రొలాక్టిన్ పెరిగితే జీఎన్‌ఆర్‌హెచ్ తాళం నెమ్మదించి అండం విడుదల ఆగుతుంది. నెలసరి ఎక్కువగా పోవడం, మలబద్ధకం, చలికి ఓర్వలేకపోవడం, చెడు కొలెస్టరాల్ పెరగడం, గర్భం నిలవకపోవడం అన్నీ ఒకే చోటి నుంచి రావచ్చు.

టీఎస్‌హెచ్ 10 దాటితే సాధారణంగా చికిత్స మొదలుపెడతారు. 4.5 నుంచి 10 మధ్య ఉండి ఫ్రీ టీ4 (గ్రంథి వదిలే హార్మోన్) మామూలుగా ఉంటే ఒక్క రిపోర్టు చూసి జీవితాంతం మాత్ర అనొద్దు. రెండు మూడు నెలలకు మళ్లీ చూడాలి, గ్రంథిపై దాడిని పట్టించే టీపీఓ యాంటీబాడీలు చూడాలి. చాలామందిలో దానంతటదే దిగుతుంది. గర్భం కోసం చూస్తున్నవాళ్ల లెక్క వేరు.

మందు లెవోథైరాక్సిన్. పూర్తిగా మందగించిన గ్రంథికి కిలో బరువుకు సుమారు 1.6 మైక్రోగ్రాములు పడుతుంది, అంటే 60 కిలోల మనిషికి దాదాపు 100. ఇంత చిన్న మోతాదు కాబట్టే మింగే తీరు తేడా వస్తే ఫలితం తారుమారవుతుంది. లేవగానే ఖాళీ కడుపున, మంచినీళ్లతో. ఆ తర్వాత కనీసం అరగంట, వీలైతే గంట దాకా కాఫీ, టీ కూడా వద్దు. ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం కావాలి, ఎందుకంటే అవి పేగులోనే ఈ మందును పట్టేసి లోపలికి పోనివ్వవు. పొద్దున్న హడావిడిలో కుదరనివాళ్లు రాత్రి భోజనమైన మూడు గంటలకు వేసుకోవచ్చు. సీసాను పొయ్యి పక్కన, కిటికీ గట్టున పెట్టకూడదు. వేడికి, వెలుతురుకు మందు బలం తగ్గుతుంది. డోసు మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాల దాకా మళ్లీ పరీక్ష అక్కర్లేదు. ఈ మందు ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది కాబట్టి పదిహేను రోజులకు చేయించే పరీక్ష తప్పుదారి పట్టిస్తుంది.

థైరాయిడ్ మాత్ర వాడుతూ గర్భం వచ్చిందని తెలిసిన రోజే డాక్టరుకు చెప్పాలి. అవసరం 25 నుంచి 30 శాతం పెరుగుతుంది. రోజుకొకటి వాడేవాళ్లు వారానికి రెండు మాత్రలు అదనంగా, అంటే ఏడుకు బదులు తొమ్మిది వేసుకోవడం దీనికి చాలాచోట్ల పాటించే పద్ధతి. మొదటి మూడు నెలల్లో బిడ్డ మెదడు ఎదుగుదల తల్లి థైరాక్సిన్ మీదే ఆధారపడుతుంది. గర్భం వచ్చింది కదా, మందులు ఎందుకని మానేయడం అన్నిటికంటే పెద్ద పొరపాటు.

క్యాబేజీ, కాలీఫ్లవర్ మానేయమనే సలహా ప్రతి ఇంట్లో వినిపిస్తుంది. వండుకుని, ఇంట్లో తినేపాటి మోతాదుకు ఏమీ కాదు, అయోడిన్ ఉప్పు వాడుతుంటే చాలు. జుట్టు కోసం వాడే బయోటిన్ మాత్రల గురించి మాత్రం జాగ్రత్త పడాలి. అవి రక్తంలో ఉంటే కొన్ని ల్యాబు యంత్రాల్లో టీఎస్‌హెచ్ లేనంత తక్కువగా, టీ4 లేనంత ఎక్కువగా చూపిస్తాయి. పరీక్షకు రెండు మూడు రోజుల ముందే ఆపాలి. అశ్వగంధ కూడా కొందరిలో థైరాయిడ్ హార్మోన్‌ను పెంచుతుంది, అరుదుగా కాలేయాన్ని దెబ్బతీస్తుంది. వాడుతుంటే దాచకుండా చెప్పాలి.

గ్యాస్ మాత్రకీ నెలసరికీ సంబంధం

ప్రొలాక్టిన్ పాలిచ్చే కాలపు హార్మోన్. బిడ్డ లేకుండా అది పెరిగితే నెలసరి తగ్గి, రొమ్ముల్లోంచి పాలు కారవచ్చు. పిట్యూటరీలో చిన్న గడ్డ ఒక కారణం. దానికంటే ముందు అడగాల్సింది, ఏ గ్యాస్ మాత్ర వాడుతున్నారని. మన షాపుల్లో పాంటోప్రజోల్‌తో, రాబెప్రజోల్‌తో కలిపి అమ్మే క్యాప్సూళ్లలో చాలావాటిలో డాంపెరిడాన్ గానీ లెవోసల్పిరైడ్ గానీ ఉంటాయి. రెండూ ప్రొలాక్టిన్‌ను పెంచుతాయి. పెట్టె మీది చిన్న అక్షరాలు చదవకుండా నెలల తరబడి వాడినవాళ్లు నేరుగా మెదడు ఎమ్మారై దాకా వెళ్తున్నారు. డాక్టరును అడిగి అలాంటి మాత్ర ఆపి కొన్ని రోజుల తర్వాత మళ్లీ పరీక్ష చేస్తే చాలాసార్లు కథ అక్కడే ముగుస్తుంది. మానసిక జబ్బుకు వాడే మందులైతే సొంతంగా ఆపకూడదు. పరీక్షకు రక్తం నిద్రలేచిన రెండు మూడు గంటల తర్వాత, కాసేపు కూర్చుని స్థిమితపడ్డాక ఇవ్వాలి.

తిండి చాలకపోయినా తాళం తప్పుతుంది. పెళ్లికని ఒక్కసారిగా పది కిలోలు తగ్గినవాళ్లలో, పోటీ పరీక్షలకు హాస్టల్లో పూటలు మానేసి చదివేవాళ్లలో, తిన్నదానికి మించి పరిగెత్తేవాళ్లలో జీఎన్‌ఆర్‌హెచ్ నెమ్మదించి నెలసరి ఆగుతుంది. స్కానింగ్‌లో వీళ్లకీ బుడగలు కనిపించవచ్చు, పీసీఓడీ అనుకుని ఇంకా తిండి తగ్గించమంటే ఎముకలు దెబ్బతింటాయి. వీళ్లకి కావాల్సింది తిండి, విశ్రాంతి.

ఏ పరీక్ష, ఏ రోజు

ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్, ఈస్ట్రడయాల్, టెస్టోస్టెరాన్, 17 హైడ్రాక్సీ ప్రొజెస్టెరాన్ నెలసరి రెండు నుంచి ఐదో రోజు మధ్య, పొద్దున్నే. ప్రొజెస్టెరాన్ మాత్రం వచ్చే నెలసరికి ఏడు రోజుల ముందు. 28 రోజుల చక్రమైతే 21వ రోజు, 35 రోజులదైతే 28వ రోజు. అందరికీ 21వ రోజు రాసేయడం వల్ల చక్రం పొడవుగా ఉన్నవాళ్లకి అండం విడుదల కావట్లేదని తప్పుగా తేలుతుంది. అది 3 నానోగ్రాములు దాటితే అండం విడుదలైనట్టే. గర్భనిరోధక మాత్రలు వాడుతుండగా ఇవేవీ చేయించి లాభం లేదు, టెస్టోస్టెరాన్ చూడాలంటే మాత్ర ఆపి మూడు నెలలు ఆగాలి. టీఎస్‌హెచ్ ఏ రోజైనా ఫర్వాలేదు, ప్రతిసారీ ఒకే వేళకు ఇస్తే పోల్చడం తేలిక. ఇవన్నీ గుదిగుచ్చి ఆడవాళ్ల హార్మోన్ ప్యాకేజీ అని ఏ తేదీనైనా రక్తం తీసుకునే పథకాలకు డబ్బు పోయకండి. మూడు నెలల నెలసరి తేదీలు, ఎన్ని రోజులు పోయింది, రోజుకు ఎన్ని ప్యాడ్లు మార్చారు, వాడుతున్న మాత్రల పేర్లు కాగితం మీద రాసుకెళ్తే అంతకంటే ఎక్కువ పనికొస్తుంది.

నలభై దాటాక

మన దేశంలో నెలసరి ఆగిపోయే సగటు వయసు 46, 47 ప్రాంతం. దానికి ముందు నాలుగైదేళ్లు హార్మోన్లు నేరుగా తగ్గవు, ఎగసిపడుతూ తగ్గుతాయి. ఒక నెల ఈస్ట్రోజెన్ యవ్వనంలో కంటే ఎక్కువ, మరో నెల దాదాపు ఏమీ లేనంత. అందుకే 45 దాటినవాళ్లకి మెనోపాజ్ దగ్గరపడిందా అని ఎఫ్‌ఎస్‌హెచ్ చూడటం వృథా. ఈ వారం 40, వచ్చే వారం 8 రావచ్చు. నలభై లోపే ఆగితే మాత్రం పరీక్షలు తప్పనిసరి, అది వేరే జబ్బు.

ఈస్ట్రోజెన్ తగ్గితే హైపోథాలమస్‌లో ఉష్ణోగ్రతను చూసుకునే నరాల కణాలు అతిగా స్పందిస్తాయి. ఒళ్లు కాస్త వేడెక్కినా మెదడు దాన్ని మంటగా లెక్కగట్టి రక్తనాళాలు తెరిచి చెమటలు పట్టిస్తుంది. ఆవిర్లు అంటే అవే. పైకి కనిపించనిది ఎముకల్లో జరుగుతుంది. తొలి ఐదారేళ్లలో ఏడాదికి 2 శాతం దాకా ఎముక పోవచ్చు. చెడు కొలెస్టరాల్ పెరుగుతుంది. యోని, మూత్రనాళం పొడిబారి మూత్రంలో మంట, ఇన్‌ఫెక్షన్లు మళ్లీ మళ్లీ వస్తాయి. ఏడాదికి ఐదారు కోర్సుల యాంటీబయాటిక్ మింగినా తగ్గనిది యోనిలో రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీముతో తగ్గడం సాధారణం. సిగ్గుపడి చెప్పకపోవడం, వైద్యులు అడగకపోవడం వల్లే ఇంత తేలికైన చికిత్స అందట్లేదు.

హార్మోన్ చికిత్స అనగానే క్యాన్సర్ భయం. ఆ భయం ఎక్కువగా 2002లో అమెరికాలో మధ్యలో ఆపేసిన డబ్ల్యూహెచ్ఐ (విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్) అనే హార్మోన్ చికిత్స పరిశోధన నుంచి వచ్చింది. అందులో చేరిన ఆడవాళ్ల సగటు వయసు 63. యాభై ఏళ్ల మనిషికి దాన్ని యథాతథంగా వర్తింపజేయడం పొరపాటని తర్వాతి విశ్లేషణల్లో తేలింది. అరవై లోపు, నెలసరి ఆగిన పదేళ్ల లోపు మొదలుపెడితే ఆవిర్లు తీవ్రంగా ఉన్నవాళ్లలో చాలామందికి నష్టం కంటే లాభమే ఎక్కువ. చర్మానికి రాసే జెల్‌తో రక్తం గడ్డకట్టే ముప్పు మాత్రల కంటే తక్కువ. గర్భసంచి ఉన్నవాళ్లకి ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇవ్వకూడదు, ప్రొజెస్టెరాన్ తోడుండాలి, లేదంటే పొర పేరుకుంటుంది. రొమ్ము క్యాన్సర్, గుండెపోటు, పక్షవాతం, రక్తం గడ్డకట్టడం వంటివి వచ్చినవాళ్లకి ఇది పనికిరాదు.

గర్భసంచి తీయించుకునే విషయం ఇక్కడే వస్తుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) లెక్కల్లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3 శాతం పైచిలుకు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో అది 8, 9 శాతం ప్రాంతంలో ఉండి దేశంలోనే ముందు వరుసలో నిలిచింది. ముప్పై అయిదేళ్లకే, పిల్లలు పుట్టేశారు కదా, ఇంక దేనికి అన్న ఒక్క మాటతో జరిగిపోతోంది. అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజెన్ ఒక్క రోజులో పడిపోతుంది. 45 లోపు అలా జరిగినవాళ్లకి ఎముకలు గుల్లబారడం, గుండె జబ్బు ముందే వస్తాయి కాబట్టి, మరో అడ్డంకి లేకపోతే కనీసం యాభై ఏళ్ల దాకా ఈస్ట్రోజెన్ ఇవ్వాలి. అండాశయాలు ఉంచినా మెనోపాజ్ ఒకటి రెండేళ్లు ముందుకు రావచ్చు. ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు అడగాల్సినవి ఉన్నాయి: రక్తస్రావానికి కారణం ఏమని తేలింది, పొర నుంచి ముక్క తీసి పరీక్షించారా, థైరాయిడ్ చూశారా, లెవోనార్‌జెస్ట్రెల్ ఉన్న లూప్ నాకు పనికొస్తుందా, అండాశయాలు ఉంచుతారా. ఆ లూప్ గర్భసంచిలోనే ప్రొజెస్టెరాన్ రకం హార్మోన్ వదులుతూ పొరను పల్చబరుస్తుంది. అధిక రక్తస్రావంలో ఎంతోమందికి ఆపరేషన్ అవసరాన్నే తప్పిస్తుంది. ఆపరేషన్ అయిపోయినవాళ్లు డిశ్చార్జి కాగితం తీసి అండాశయాలు ఉన్నాయో లేవో చూసుకోవాలి. చాలామందికి ఆ సంగతే తెలియదు.

నెలసరి ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనిపించినా దాన్ని మళ్లీ వచ్చిన నెలసరిగా లెక్కపెట్టకూడదు. ఎక్కువసార్లు పొడిబారడమే కారణమవుతుంది, కొన్నిసార్లు గర్భసంచి క్యాన్సర్. యోని ద్వారా చేసే స్కానింగ్‌లో పొర మందం 4 మిల్లీమీటర్లు దాటితే ముక్క తీసి పరీక్ష చేయించాలి. అంతకంటే పల్చగా ఉన్నా రక్తం మళ్లీ కనిపిస్తే అదే పరీక్ష, ఆలస్యం లేకుండా.